ఒకాడో షేర్ కొనొచ్చా? పేటెంట్ గొడవ గెలిచారు, డబ్బులు కూడా వచ్చాయి, మరి రేటు ఎందుకు లేవట్లేదు?

ఇడ్లీ_ఇన్_ఇంగ్లండ్:

అందరికీ నమస్కారం. చాలా రోజుల్నించి ఇక్కడ చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మేం యూకేలో హాట్‌ఫీల్డ్ పక్కన ఉంటాం, నేను టెస్టింగ్‌లో చేస్తా. ఐసాలో (యూకేలో పన్ను లేని పొదుపు ఖాతా) ఈ ఏడాది లిమిట్ ఇంకా ఆరు వేల పౌండ్లు మిగిలుంది, ఏప్రిల్ 5 దాటితే పోతుంది కదా, అందుకే ఈ తొందర. ఎప్పుడూ ఇండెక్స్ ఫండే కొంటా, ఈసారి ఒక్క కంపెనీ షేరైనా కొని చూద్దామని బుర్రలో పురుగు దూరింది. కంపెనీ పేరు ఒకాడో.

కారణం పెద్దగా ఏం లేదు, వాళ్ల హెడ్డాఫీసు మా ఊళ్లోనే, మా ఇంటికి వారం వారం సరుకులు వాళ్ల వ్యాన్‌లోనే వస్తాయి. వచ్చే ముందు మెసేజ్ వస్తుంది చూడండి, ఫలానా డ్రైవరు లెమన్ వ్యాన్‌లో వస్తున్నాడు, ఆపిల్ వ్యాన్‌లో వస్తున్నాడు అని, మా బుడ్డోడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆ రంగు కోసం కాపలా కాస్తాడు. పాలు, పెరుగు, గుడ్లు ఏదీ ఇంతవరకు పగిలి రాలేదు. అలా కంపెనీ మీద ఒక మంచి అభిప్రాయం పడిపోయింది.

సరే అని షేర్ చూస్తే కళ్లు తిరిగాయి. 2020, 21 టైంలో 28 పౌండ్లు దాటిందంట, ఇప్పుడు అందులో పదో వంతు దగ్గర ఊగుతోంది. యూట్యూబ్‌లో ఒకాయన ఏమంటాడంటే, ఆటోస్టోర్ అనే నార్వే కంపెనీ వీళ్ల మీద పేటెంట్ కేసులు వేసి ఓడిపోయి తిరిగి వీళ్లకే 200 మిలియన్ పౌండ్లు కట్టింది, అంటే గోదాముల్లో సరుకులు తీసే రోబోల టెక్నాలజీ మొత్తం వీళ్లదేనని తేలిపోయింది, ఇక పోటీ ఎవరూ రాలేరు, ఇంత చవగ్గా మళ్ళీ దొరకదు అని. వినడానికి బాగానే ఉంది. మా ఆవిడ మాత్రం అంత గెలిచిన వాళ్లయితే రేటు అక్కడెందుకుంది అని ఒక్క మాట అడిగింది, నా దగ్గర సమాధానం లేదు.

నా డౌట్లు ఇవీ. ఆ కేసులో అసలు ఎవరు ఏం గెలిచారు? మళ్ళీ ఇంకెవడైనా కేసు వేస్తే మన డబ్బు గంగలో కలుస్తుందా? ఇంకోటి, కూకట్‌పల్లిలో ఉన్న మా బావ నాకూ కొనిపెట్టు అని ప్రాణం తీస్తున్నాడు, ఇండియా నుంచి వాడు సొంతంగా కొనుక్కునే దారి ఉందా?

క్లెయిమ్_చార్ట్:

మొదటి రెండు ప్రశ్నలు నావి, ఎందుకంటే నా తిండి ఇదే. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా పేటెంట్ సెర్చ్ పని చేస్తున్నా, పొద్దున లేస్తే ఎవడో వేసిన పేటెంట్‌కి ముందే ఆ సంగతి ఎక్కడైనా బయటపడిందా అని తవ్వుకోవడమే. షేర్ల గురించి నాకు తెలీదు, కేసు గురించి మాత్రం చెప్తా, కాస్త పొడుగవుద్ది.

ముందు వస్తువు ఏంటో చూడండి. పెద్ద గోదాములో ప్లాస్టిక్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి బావిలో ఒరల్లాగా నిలువుగా పేర్చి ఉంటాయి, మధ్యలో మనుషులు నడిచే దారులు ఉండవు, పైన చదరంగం బల్ల లాగా పట్టాలు, ఆ పట్టాల మీద రోబోలు పరిగెత్తుతూ కింద నుంచి కావలసిన డబ్బాని తాళ్లతో పైకి లాగుతాయి. ఇలా పేర్చి పైనుంచి లాగే వ్యాపారం మొదలుపెట్టింది నార్వేలో ఆటోస్టోర్ వాళ్లు, 1996 నాటి కంపెనీ. ఒకాడో ఒకప్పుడు వాళ్ల దగ్గర ఆ సిస్టమ్ కొన్న కస్టమరే. తర్వాత కిరాణా సరుకుల స్పీడ్‌కి సరిపోయేలా సొంత రోబో తయారు చేసుకుంది, సెకనుకి నాలుగు మీటర్లు వెళ్తుంది అది, యాభై సరుకుల ఆర్డర్ ఐదు నిమిషాల్లో కట్టేస్తారు. ఆటోస్టోర్ పాత రోబో డబ్బాని పక్కకి వేలాడదీసి మోస్తుంది, సంచి చంకన పెట్టుకున్నట్టు, అందుకని అది పట్టాల మీద రెండు గళ్లు ఆక్రమిస్తుంది. ఒకాడోది డబ్బాని కడుపులోకి లాక్కుంటుంది, ఒక్క గడిలోనే సరిపోతుంది. ఒక్క గడిలో సరిపోతే అదే బల్ల మీద ఎక్కువ రోబోలు తిరగొచ్చు. గొడవంతా ఈ కడుపు గురించే అనుకోండి, ఆ కడుపు ఆలోచన ముందు మాదే అని ఆటోస్టోర్ వాదన.

2020 అక్టోబర్‌లో ఆటోస్టోర్ అమెరికాలోనూ లండన్‌లోనూ ఒకేసారి దిగింది. అమెరికాలో మామూలు కోర్టుతో పాటు ఐటీసీ అని ఒక వాణిజ్య కమిషన్ ఉంది, అది నష్టపరిహారం ఇప్పించదు, కానీ ఆ వస్తువు దేశంలోకి రాకుండా బోర్డర్లో ఆపేయగలదు. అసలు భయం అక్కడే. ఒకాడో అప్పటికే క్రోగర్ అనే అమెరికా సూపర్‌మార్కెట్ కంపెనీకి ఆ దేశం నిండా గోదాములు కట్టిస్తానని ఒప్పుకుని ఉంది, రోబోలే దిగుమతి కాకపోతే ఖాళీ షెడ్లు మిగులుతాయి. 2021 డిసెంబర్‌లో ఐటీసీ జడ్జి ఒకాడో ఏ తప్పూ చేయలేదు అన్నాడు, కేసులో ఉన్న పేటెంట్లలో మూడు అసలు చెల్లవు అన్నాడు.

లండన్ కేసు ఇంకా మజా. 2023 మార్చి చివర్లో హైకోర్టు తీర్పు, అక్కడ మిగిలిన రెండు పేటెంట్లూ చెల్లవని. ఎందుకో తెలుసా, పేటెంట్ అప్లికేషన్ వేయకముందే ఆటోస్టోర్ వైపు వాళ్లు ఆ సంగతి రష్యా సెంట్రల్ బ్యాంక్‌కి చెప్పేశారు, సిస్టమ్ అమ్ముదామని వెళ్ళి, ఇది రహస్యం బయటకి చెప్పొద్దు అని కట్టుబాటు లేకుండా. యూరప్‌లో రూల్ ఏంటంటే ఒక్క బయటి వాడికి రహస్యం కాకుండా చెప్పినా అది కొత్త సంగతి కాదు, పేటెంట్ పోయినట్టే. సేల్స్ వాడి నోటి దురుసు ఎంత ఖరీదో చూడండి. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఈ కేసే ముందు చెప్తా, క్లయింట్ దగ్గరకెళ్ళే ముందు ఎన్‌డీఏ (రహస్యం బయటపెట్టం అనే ఒప్పందం) మీద సంతకం పెట్టించారా అని.

ఇప్పుడు యూట్యూబాయన తప్పు ఎక్కడంటే, ఆటోస్టోర్ పేటెంట్ చెల్లదు అంటే ఒకాడో పేటెంట్ గెలిచినట్టు కాదు. పేటెంట్ పొలం పట్టా లాంటిది అనుకుంటారు అందరూ, కాదు. నువ్వు దున్నుకోడానికి పనికొచ్చే కాగితం కాదది, పక్కోడు దున్నకుండా ఆపే ఇంజంక్షన్ ఆర్డర్. ఈ కేసులో పక్కోడి ఇంజంక్షన్ కొట్టేశారు, అంతే. ఒకాడో పని ఆగలేదు. అంతమాత్రాన ఆ పని వేరేవాళ్లు చేయకూడదని ఎవరూ చెప్పలేదు.

ఒకాడో కూడా ఎదురు కేసులు వేసిందిలెండి, అందుకే 2023 జూలైలో రాజీ కుదిరినప్పుడు డబ్బు ఆటోస్టోర్ వైపు నుంచి వచ్చింది. 200 మిలియన్ పౌండ్లు, 24 నెలల వాయిదాలు. దాంతో పాటు 2020కి ముందు పేటెంట్లలో కొన్ని ఒకళ్లవి ఒకళ్లు వాడుకోవచ్చు, ఇప్పటికే అమ్ముతున్న సరుకు మీద ఒకళ్ల మీద ఒకళ్లు కేసు వేయకూడదు అని రాసుకున్నారు. అంటే పోటీ రాకుండా కోట చుట్టూ కందకం ఉన్నట్టు మీ యూట్యూబాయన చెప్పేదాని మీద వీళ్లే వంతెన వేసి తాళం చెవి పోటీ వాడికి ఇచ్చారు. రాజీ అంటే అలాగే ఉంటుంది, తప్పు పట్టట్లేదు.

మళ్ళీ కేసు వస్తుందా అంటే, ఈ లైన్‌లో రాకుండా ఉండదు, కొత్త చేతులు, కొత్త ప్యాకింగ్ రోబోలు, ప్రతిదానికీ ఎవడో ఒకడు కాగితం పట్టుకుని ఉంటాడు. ఆటోస్టోర్ లాంటి కంపెనీని ఎదుర్కొని నిలబడినవాళ్లకి అది కొత్తేం కాదు. నేనైతే దాని గురించి నిద్ర మానుకోను.

పాత_కాపు_రెడింగ్:

పైన తమ్ముడు కేసు బాగా చెప్పాడు. నేను మిగతాది చెప్తా, డబ్బులు పెట్టి నేర్చుకున్నా కాబట్టి.

2021 ఫిబ్రవరిలో 26 పౌండ్ల లెక్కన 120 షేర్లు కొన్నా. కోవిడ్ టైం, వ్యాన్ స్లాట్ కోసం రాత్రి పన్నెండింటికి లేచి క్యూలో కూర్చున్న రోజులవి, ప్రపంచమంతా ఇక బజారుకే వెళ్ళదు అనుకున్నాం. 2022 జూన్‌లో కంపెనీ 795 పెన్స్‌కి కొత్త షేర్లు ఇచ్చి 575 మిలియన్ల పైన లాగింది, అబ్బ 26ది ఎనిమిదికి దొరుకుతోంది కదా అని ఇంకో 200 వేశా, దాన్ని యావరేజ్ చేయడం అంటారని మురిసిపోయా. మొత్తం నాలుగు వేల ఏడొందల పైన పెట్టాను. మొన్న నవంబర్‌లో అమ్మితే ఆరొందల చిల్లర వచ్చింది. కంపెనీ నన్నేం మోసం చేయలేదు, నష్టాలు ఎంతో ప్రతి ఏడూ వాళ్లే అచ్చేసి ఇచ్చారు, చదవలేదు నేను.

ఇదెందుకు చెప్తున్నా అంటే ఆ రాజీ రోజు నాకు బాగా గుర్తుంది. శనివారం వార్త వచ్చింది, సోమవారం మార్కెట్ తెరవంగానే షేర్ ఎగిరింది, నేను ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచినంత పని చేశా. దానికి నెల ముందే అమెజాన్ కొంటుందట అని పుకారు పుట్టి ఒకసారి ఎగిరింది. రెండు సార్లూ అమ్మలేదు. ఇప్పుడు లెక్కేసి చూడు, 2022 ఒక్క ఏడాదిలో వాళ్ల నష్టం 500 మిలియన్ పౌండ్ల పైన. అంటే ఆ 200 మిలియన్లు వాళ్ల ఐదు నెలల నష్టానికి కూడా సరిపోలా, అదీ రెండేళ్ల మీద వాయిదాల్లో. నేను కోర్టు తీర్పులు ఒక్కటి వదలకుండా ఫాలో అయ్యా, ఆ లెక్క మాత్రం ఒక్కసారి చేయలేదు. 2023లోనూ 24లోనూ మళ్ళీ మూడొందల యాభై దాటే నష్టం. 2024 జూన్‌లో ఎఫ్‌టీఎస్‌ఈ 100 (లండన్ మార్కెట్‌లో వంద పెద్ద కంపెనీల జాబితా) లోంచి కూడా బయటకొచ్చేసింది.

ఇడ్లీ తమ్ముడూ, నువ్వు ఇంకో పొరపాటు చేస్తున్నావ్. 2023 జూలై నుంచి 24 నెలలు అంటే 2025 మధ్యకే ఆ వాయిదాలు అయిపోయాయి. నువ్వు ఇవాళ కొంటే ఆ డబ్బులో నీకు నయాపైసా లేదు, అది వచ్చింది, ఖర్చయింది. పక్కింటాయన పోయినేడు అమ్ముకున్న మామిడికాయలు చూసి ఈ ఏడు తోట కౌలుకి తీసుకున్నట్టు ఉంటుంది.

ఇక వ్యాపారం ఎలా నడుస్తుందో చూడు. ఒకాడో రెండు పనులు చేస్తుంది, ఒకటి మీ ఇంటికొచ్చే వ్యాను, అందులో సగం 2019 నుంచి ఎం అండ్ ఎస్ అనే బ్రిటిష్ షాపుల కంపెనీది, 750 మిలియన్లకి కొన్నారు. రెండోది ఆ టెక్నాలజీని వేరే దేశాల సూపర్‌మార్కెట్లకి ఇవ్వడం, క్రోగర్, సోబీస్, కోల్స్, ఏయాన్ ఇలా. బిల్డింగ్ సూపర్‌మార్కెట్ వాళ్లది, లోపల పట్టాలు రోబోలు మాత్రం ఒకాడో తన డబ్బుతో పెడుతుంది, ఆ తర్వాత కెపాసిటీ లెక్కన ఏళ్ల తరబడి ఫీజు. అంటే గోదాములు పెరిగే కొద్దీ ముందు జేబు ఖాళీ అవుతుంది, తర్వాత నిండాలి. అందుకే మధ్య మధ్యలో షేర్లు అమ్మడం, బాండ్ల మీద అప్పు తేవడం. నిండాలంటే ఆ గోదాముల్లో ఆర్డర్లు రావాలి. ఆర్డర్లు రాకపోతే భాగస్వామి కొత్త గోదాము అడగడు, ఉన్నది కూడా మూసేస్తాడు. పేటెంట్ ఎంత గట్టిదైనా దానివల్ల ఒక్క ఆర్డర్ కూడా రాదు కదా.

2018 మేలో క్రోగర్ డీల్ చెప్పిన రోజు షేర్ ఒక్కరోజులో నలభై శాతం పైన పెరిగింది, 20 గోదాములు అన్నారు. తెరిచింది 8. 2025 నవంబర్‌లో అందులో 3 మూసేస్తున్నాం అంది క్రోగర్. ఒప్పందం ప్రకారం పరిహారం కట్టాలి, అది 350 మిలియన్ డాలర్లని తేలింది. చూశావా, ఆటోస్టోర్ రాజీ డబ్బు కంటే ఎక్కువే, అయినా ఆ మూసివేత వార్తకి షేర్ పడింది, ఎందుకంటే మార్కెట్‌కి కావలసింది పరిహారం కాదు, నెల నెలా వచ్చే ఫీజు. 2010లో 180 పెన్స్‌కి ఐపీఓకి వచ్చిన షేర్ పదిహేనేళ్ల తర్వాత మళ్ళీ ఆ చుట్టుపక్కలకే దిగింది. కెనడాలో సోబీస్ కూడా 2024లోనే నాలుగో గోదాము వాయిదా వేసింది.

మేసన్_మావయ్య:

క్రోగర్ పేరు వినగానే ఆగలేకపోయా, మాది ఓహైయోలో మేసన్, ఇక్కడ వీధికి పది తెలుగిళ్లు. క్రోగర్ హెడ్డాఫీసు సిన్సినాటి, మొట్టమొదటి ఒకాడో గోదాము మన్రోలో 2021లో తెరిచారు, మా ఇంటికి ఇరవై నిమిషాలు. ఇది మూసేవాటిలో లేదు, అది ముందే చెప్తున్నా.

మొదట్లో మా ఇంట్లో కూడా తెప్పించుకున్నాం. నిజం చెప్పాలంటే సరుకు చాలా బాగా వచ్చింది, ఐస్‌క్రీం రాయిలాగా గట్టిగా ఉంది, అరటిపళ్లు నేను షాపులో ఏరుకున్నవాటికంటే బాగున్నాయి, డ్రైవరు మర్యాదగా మెట్ల దాకా తెచ్చి పెట్టాడు. అయినా ఏడాదిలో ఎన్నిసార్లు ఆర్డర్ పెట్టామంటారు, నాలుగో ఐదో. ఎందుకని మా ఆవిడని అడిగా ఇవాళ మీ పోస్ట్ చదివాక. షాపు ఆరు నిమిషాల దూరం, పిల్లాడి క్లాస్ నుంచి వచ్చేటప్పుడు దారిలో పడుద్ది, రేపటికి స్లాట్ బుక్ చేసుకుని ఇంట్లో ఎవరున్నారో చూసుకోడం కంటే అదే తేలిక అంది. పైగా సోనా మసూరి, గోంగూర, పచ్చిమిరపకాయల కోసం ఎలాగూ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలి, ఆ పక్కనే పాలు కూడా పడేసుకుంటాం. అర్జెంటుగా ఏదైనా కావాలంటే ఫోన్‌లో కొడితే గంటలో షాపు నుంచే ఎవరో తెచ్చిస్తారు. రేపొచ్చే వ్యానుకి మా ఇంట్లో పనే లేకుండా పోయింది.

మీ ఇంగ్లండ్‌లో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒక వ్యాను ఒక వీధిలోనే నాలుగిళ్లు దింపుద్ది. ఇక్కడ ఒక సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) నుంచి ఇంకోదానికి పదిహేను నిమిషాలు. రోబో ఐదు నిమిషాల్లో సరుకు కట్టి ఏం లాభం, వ్యాను గంట తిరుగుతుంటే. ఫ్లోరిడాలో గ్రోవ్‌లాండ్ దగ్గర ఇంకా పెద్ద ప్రయోగం చేశారు, అక్కడ చుట్టుపక్కల క్రోగర్‌కి షాపులే లేవు, గోదాముతోనే కొత్త రాష్ట్రంలోకి అడుగుపెట్టారు. మూసేస్తామన్న మూడింటిలో అదొకటి. మిగతా రెండు విస్కాన్సిన్‌లో ప్లెజెంట్ ప్రెయిరీ, మేరీలాండ్‌లో ఫ్రెడరిక్. క్రోగర్ ఇప్పుడు ఉన్న షాపుల నుంచే ఇన్‌స్టాకార్ట్, డోర్‌డాష్, ఊబర్ వాళ్లతో పంపిస్తా అంటోంది.

షేర్ల సంగతి నాకు తెలీదు. మా వీధిలో వ్యాను ఎన్నిసార్లు కనిపిస్తుందో తెలుసు.

కూకట్‌పల్లి_కేబుల్:

బావకి సమాధానం నేను చెప్త, మా ఏరియా పేరొచ్చింది కదా. అన్నా, ఇండియాల ఉన్నోడు బయటి దేశం షేర్ కొనాల్నంటే ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (బయటి దేశానికి పైసలు పంపే స్కీం) కింద పంపాలె, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, పది లక్షల రూపాయలు దాటితే దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) కట్ చేస్తరు, తర్వాత రిటర్న్స్‌ల అడ్జస్ట్ చేసుకోవచ్చు గని పైసలైతే అన్ని రోజులు ఆడ ఇరుక్కుంటయ్. మన దగ్గర ఫేమస్ యాప్‌లల్ల ఎక్కువ శాతం అమెరికా షేర్లే దొర్కుతయ్, ఇది లండన్ షేర్. ఇంటర్నేషనల్ బ్రోకర్ దగ్గర అకౌంట్ తెరుస్తే కొనొచ్చు, కొన్నప్పుడు అర శాతం స్టాంప్ డ్యూటీ, బ్యాంకోడి మార్పిడి ఛార్జీ, రిటర్న్స్‌ల ఫారిన్ అసెట్ షెడ్యూల్ నింపుడు. ఇరవై వేల రూపాయల సరదా కోసం ఇంత లొల్లి అవసరమా.

నీ ఐసాల బావ పేరు మీద కొనకు అన్నా, దండం పెడత. ఐసా నీ ఒక్కడిది. రేటు పెరిగితే నా వాటా ఏది అంటడు, పడితే నువ్వే కొనమన్నవ్ అంటడు. చుట్టరికాలు పోతయ్.

ఇంకో ముచ్చట. నేను కూర్చున్న కాడికి పది నిమిషాల్ల కొత్తిమీర కట్ట వస్తది, రోబో లేదు ఏం లేదు, గల్లీల చిన్న షట్టర్ వెనుక డార్క్ స్టోర్, అండ్ల పిల్లగాండ్లు బుట్ట పట్టుకొని ఉరుకుతరు. ఆ పిల్లగాని జీతం ఎంతో మనకెర్క. గీ రోబో బల్ల అంతా జీతాలు ఎక్కువున్న దేశంల, పెద్ద బుట్ట ఒక్కసారే కొనేటోళ్ల కోసం. మనోళ్లు దాన్ని చూసి ఇండియాల గూడ ఇదే వస్తది అంటే నేనైతే నమ్మ.

క్లెయిమ్_చార్ట్:

కాపు గారూ, పేటెంట్ వల్ల ఒక్క ఆర్డర్ రాదు అన్నారు, నిజమే, కానీ కేసు ఓడిపోయి ఉంటే ఉన్న ఆర్డర్లు కూడా పోయేవి కదండీ. ఐటీసీలో తేడా కొట్టి ఉంటే మన్రో గోదాము అప్పటికి తెరిచినా తర్వాతవి వచ్చేవా? అంత తేలిగ్గా తీసేయకండి, మా పని కూడా కాస్త గౌరవించండి.

పాత_కాపు_రెడింగ్:

తీసేయట్లేదు తమ్ముడూ. తలుపుకి గొళ్లెం అవసరమే. గొళ్లెం గట్టిగా ఉందని ఇల్లు కొన్నా నేను, నీళ్లు వస్తాయో లేదో చూడకుండా. అదీ నా బాధ.

ఆటోస్టోర్ సంగతి కూడా చూడు, వాళ్లు 2021 అక్టోబర్‌లో ఓస్లోలో 31 క్రోనర్లకి ఐపీఓకి వచ్చారు, అదే ఏడు ఏప్రిల్‌లో సాఫ్ట్‌బ్యాంక్ అనే జపాన్ పెట్టుబడి కంపెనీ 40 శాతం వాటాకి 2.8 బిలియన్ డాలర్లు పోసింది. 2025లో ఆ షేర్ పది క్రోనర్ల కిందకి పోయింది. కేసు ఓడినవాడూ పడ్డాడు, గెలిచినవాడూ పడ్డాడు. లాయర్లు తప్ప బాగుపడినవాళ్లు నాకు కనపడలా.

ఇడ్లీ_ఇన్_ఇంగ్లండ్:

అమ్మో, ఇంత వివరంగా చెప్తారనుకోలా, అందరికీ థాంక్స్. ఆ 200 మిలియన్లు ఎప్పుడో వచ్చి అయిపోయాయన్న సంగతి నాకు తట్టనే లేదు, యూట్యూబాయన దాన్ని ఇప్పుడు రాబోయే డబ్బులాగా చెప్పాడు, వీడియో డేట్ చూస్తే 2023 ఆగస్టు. నవ్వాలో ఏడవాలో తెలీలా.

కాపు గారూ ఒక్క ప్రశ్న, కొననే కొనకూడదు అంటారా లేక ఏదైనా చూసుకుని కొనొచ్చా? మా ఇంటికి వచ్చే వ్యాను మాత్రం నిండుగానే వస్తుంది మరి, వెనక తలుపు తీసినప్పుడు చూస్తా, ట్రేలు పైదాకా.

పాత_కాపు_రెడింగ్:

మీ వ్యాను నిండుగానే ఉంటుంది, ఇంగ్లండ్‌లో వాళ్ల వ్యాపారం బానే నడుస్తోంది. కానీ ఇందాక చెప్పా కదా, అందులో సగం ఎం అండ్ ఎస్‌ది. నీ షేర్ రేటు ఎక్కువగా ఆధారపడేది ఆ వేరే దేశాల గోదాముల మీద.

కొనాలనే ఉంటే రిజల్ట్స్ వచ్చినప్పుడు మూడు విషయాలు వెతుకు. కొత్తగా మొదలైన మాడ్యూల్స్ (గోదాము కెపాసిటీని లెక్కేసే యూనిట్లు) ఎన్ని, మూసినవి ఎన్ని, అది ఒకటి. ఏడాదికి జేబులోంచి పోయే క్యాష్ తగ్గుతోందా, క్రోగర్ పరిహారం లాంటి ఒక్కసారి డబ్బు తీసేసి చూడు, అది రెండు. బాండ్లు ఎప్పుడు తీర్చాలి, వాటికి మళ్ళీ షేర్లు అమ్ముతారా, అది మూడు. పేటెంట్ వార్త వస్తే ఇక్కడ క్లెయిమ్_చార్ట్ తమ్ముడిని అడుగు, షేర్ మాత్రం దాని కోసం కొనకు. లేదా ఆ ఆరు వేలు ఎప్పుడూ వేసే ఫండ్‌లోనే వేసి, పురుగు మరీ తొలిచేస్తుంటే ఒక రెండొందలకి కొనుక్కో, పోయినా ఇంట్లో గొడవ అవని సైజు.

ఇడ్లీ_ఇన్_ఇంగ్లండ్:

మా ఆవిడ పక్కనే కూర్చుని మొత్తం చదివింది, రెండొందలు కూడా ఎందుకు, దాంతో మూడు వారాల సరుకులు వస్తాయి అంటోంది. ఐదు వేల ఎనిమిదొందలు ఫండ్‌కి వెళ్ళిపోయాయి ఇందాకే, మిగతా రెండొందల మీద చర్చలు నడుస్తున్నాయి.

బావకి ఈ లింక్ పంపించా. మొత్తం చదివి ఫోన్ చేశాడు. అయితే ఒకాడో వద్దులే బావా, ఆ ఆటోస్టోర్ ఇంకా చవగ్గా ఉన్నట్టుంది, అది ఎలా కొనాలో కనుక్కో అంటున్నాడు.

కూకట్‌పల్లి_కేబుల్:

అన్నా, ఏ కాలనీ ఆయన? నేనే పోయి మాట్లాడుత.